నూటికి ఒక్కటి కూడా కంటపడదు

ఒక ఆడ కొండచిలువ. బరువు 98 కిలోలు, పొడవు 18 అడుగులకు కాస్త తక్కువ. అమెరికాలోని ఫ్లోరిడాలో, నేపుల్స్ పట్టణంలో పనిచేసే ‘కన్జర్వెన్సీ ఆఫ్ సౌత్‌వెస్ట్ ఫ్లోరిడా’ అనే సంస్థ 2022 జూన్‌లో దీని వివరాలు బయటపెట్టింది. బల్ల మీద పడుకోబెట్టి పొట్ట కోసి చూస్తే లోపల 122 గుడ్లు తయారవుతున్నాయి. పేగు చివర జింక గిట్టల తొడుగులు మిగిలి ఉన్నాయి. ఆ జింక మాంసం కరిగిపోయింది, ఎముకలు కరిగిపోయాయి. గిట్ట, వెంట్రుక, ఈక, గోరు మాత్రం కొండచిలువకి అరగవు. అందుకే దాని పొట్ట చూస్తే అది ఏం తిన్నదో తెలిసిపోతుంది.

ఈ వార్త చదివినవాళ్లలో చాలామంది 98 దగ్గరే ఆగిపోయారు. ఫొటోలో పామును మోస్తున్నవాళ్లను చూస్తే ఆగిపోకుండా ఉండలేం కూడా. కానీ ఫ్లోరిడా కథ అర్థం కావాలంటే గుర్తుపెట్టుకోవాల్సిన అంకె దీనికన్నా చాలా చిన్నది. అది ఒకటి కన్నా తక్కువ.

అమెరికా జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికి తేల్చిన లెక్క ఇది: ఒక చోట బర్మా కొండచిలువ ఉన్నా, వెతుకుతూ వెళ్లిన మనిషి కంట అది పడే అవకాశం ఒక్క శాతం కూడా లేదు. అంటే పాములు నిండుగా ఉన్న చోటంతా తిరిగొచ్చి ‘ఒక్కటీ లేదు’ అని చెప్పే మనిషి అబద్ధం చెబుతున్నట్టు కాదు. ఒంట్లో రేడియో ట్రాన్స్‌మిటర్ ఉన్న పాము కోసం ఏంటెనా పట్టుకుని వెళ్లి, సిగ్నల్ కాళ్ల కిందే మోగుతున్నా పాము ఎక్కడుందో కనిపెట్టలేక నిలబడిపోవడం అక్కడి పరిశోధకులకు మామూలే. గోధుమరంగు ఒళ్లు, దాని మీద నల్లటి అంచులున్న ముదురు మచ్చలు. ఎండుగడ్డిలో, బురదనీటిలో ఆ ఒళ్లు ఇట్టే కలిసిపోతుంది. పైగా అది కదలదు. రోజుల తరబడి ఒకేచోట పడుంటుంది.

ఇక ఆ చోటెంత పెద్దదో చూడండి. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కు 1947లో ఏర్పడింది. విస్తీర్ణం 15 లక్షల ఎకరాలు, అంటే దాదాపు 6,100 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. ఇరవై కొల్లేళ్లను పక్కపక్కన పరిస్తే ఎంతో, ఆ పార్కు అంత. నీళ్లు, నీళ్లలో రంపపు అంచులున్న గడ్డి, మధ్యమధ్య చెట్ల గుబుర్లు. చాలా భాగానికి బాట అనేదే లేదు. మనుషులు తిరగగలిగేవి కాలువగట్లు, కొన్ని రోడ్లు. పాములు దొరికేదీ ఎక్కువగా అక్కడే. అక్కడే ఎక్కువ ఉన్నాయని కాదు, మనం చూడగలిగేది అంతవరకే.

బర్మా కొండచిలువ అక్కడి జీవి కాదు. దాని పుట్టిల్లు మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, దక్షిణ చైనా, మన ఈశాన్య రాష్ట్రాలు. మన నల్లమలలో, పొలంగట్ల మీద అప్పుడప్పుడు కనబడేది దాని దగ్గరి చుట్టం, భారత కొండచిలువ. 2009 దాకా రెండింటినీ ఒకే జాతి కింద రాసేవారు. ఆ చుట్టరికం ఫ్లోరిడాలోనూ బయటపడింది. అక్కడ పట్టిన దాదాపు 400 పాముల తోక కణజాలాన్ని పరీక్షిస్తే 13 పాముల్లో భారత కొండచిలువ జన్యు ఆనవాలు కనిపించింది. 2018లో అచ్చయిన ఈ ఫలితం ప్రకారం ఆ సంకరం ఫ్లోరిడా అడవికి చేరకముందే జరిగి ఉండొచ్చు. బర్మా కొండచిలువది నీటి ఒడ్డు బతుకు, మన దానికి పొడినేల కూడా పడుతుంది. రెండు గుణాలూ ఒకే ఒంట్లో కలిస్తే ఆ పాము ఎక్కడైనా నెగ్గుకొస్తుందేమోనన్నది శాస్త్రవేత్తల భయం.

అవి అక్కడికి ఓడల్లో, విమానాల్లో వెళ్లాయి. పెంపుడు జంతువులుగా, డబ్బు పెట్టి కొన్న సరుకుగా. 1996 నుంచి 2006 వరకు పదేళ్లలోనే అమెరికా దిగుమతి చేసుకున్న బర్మా కొండచిలువలు 99 వేలు. కొన్న రోజున అది రెండడుగుల పిల్ల, అరచేతిలో చుట్టుకుని ముద్దుగా ఉంటుంది. మూణ్నాలుగేళ్లు తిరిగేసరికి పది అడుగులు దాటుతుంది. ఎలుకలు చాలవు, కుందేళ్లు కావాలి. గాజు పెట్టె చాలదు, గది కావాలి. అప్పుడు కొందరు దాన్ని కారులో పెట్టుకుని వెళ్లి కాలువ పక్కన వదిలేశారు.

1992 ఆగస్టులో వచ్చిన ఆండ్రూ తుఫానుకు పాములు పెంచే కేంద్రం ఒకటి కూలిపోయి, అందులోని పాములన్నీ అడవిలో పడ్డాయని, కథంతా అక్కడే మొదలైందని చాలాచోట్ల చదువుతాం. చెప్పుకోవడానికి సులువైన కథ. కేంద్రం కూలిన మాట నిజమే. కానీ ఎవర్‌గ్లేడ్స్‌లో మొదటి బర్మా కొండచిలువ నమోదైంది 1979లో, రోడ్డు మీద చచ్చిపడి. పాముల సంఖ్య పెరిగిన తీరును వెనక్కి లెక్కగట్టి చూసిన పరిశోధకులు, 1985కి ముందే అవి అక్కడ స్థిరపడి ఉంటాయని 2011లో రాశారు. తుఫాను తోడై ఉండొచ్చు. కానీ ఈ పని చేసింది గాలివాన కాదు, మనుషులు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పాముని వదిలారు. తప్పంతా తుఫాను మీదికి నెట్టేస్తే ఈ విషయం మరుగున పడుతుంది. అందుకే ఆ కథ నాకు నచ్చదు.

ఇక్కడ మన నీళ్ల సంగతి ఒక మాట చెప్పాలి. అక్వేరియంలో పాచి తింటుందని కొని, పెరిగాక చెరువులో వదిలిన సక్కర్ చేప ఇప్పుడు కృష్ణ, గోదావరి జాలర్ల వలల్లో పడుతోంది. ఒంటినిండా ముళ్లు, పెంకు లాంటి చర్మం, వల చింపేస్తుంది, కొనేవాళ్లుండరు. దెయ్యం చేప అని పేరు పెట్టుకున్నారు. ఫ్లోరిడా కథకీ దీనికీ మొదలు ఒక్కటే. విదేశీ జాతుల్ని పెంచుకునేవాళ్లు వాటిని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలని మన దేశంలో 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. మన దగ్గర పెంపకానికి తెచ్చుకుంటున్న బాల్ పైథాన్ కూడా వాటి కిందికి వస్తుంది.

మళ్లీ ఫ్లోరిడాకి వద్దాం. 1979లో ఒకటి కనిపించింది. అవి అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతున్నాయని శాస్త్రవేత్తలు ఒప్పుకున్నది 2000లో. ఆ ఏడాది పార్కులో, చుట్టుపక్కల పట్టుబడ్డవి రెండంటే రెండు. 2009కి ఏటా 360 దాటాయి. బర్మా కొండచిలువల దిగుమతిని, రాష్ట్రాల మధ్య రవాణాను అమెరికా నిషేధించింది 2012 జనవరిలో. మొదటి పాముకీ నిషేధానికీ మధ్య 33 ఏళ్లు. ఇదంతా నిర్లక్ష్యమేనని అనలేను. నూటికి ఒకటి కూడా కనపడని జీవి విషయంలో ‘రెండే దొరికాయి’ అంటే ‘రెండే ఉన్నాయి’ అనుకోవడం ఎవరైనా చేసే పొరపాటే. కానీ నిజానికి అర్థం వేరు: రెండు దొరికాయంటే వందలున్నట్టు.

ఆ పాముల్ని లెక్కపెట్టడం కుదరదు కాబట్టి, అవి తిన్నవాటిని లెక్కపెట్టారు. 2003 నుంచి 2011 వరకు పరిశోధకులు రాత్రిపూట పార్కు రోడ్ల మీద మెల్లగా కారు నడుపుతూ, హెడ్‌లైట్ల వెలుగులో కనిపించిన ప్రతి జంతువునీ రాసుకున్నారు. అలా తిరిగింది దాదాపు 57 వేల కిలోమీటర్లు. కొండచిలువలు అంతగా లేని 1996, 1997 నాటి లెక్కలతో పోల్చారు. రకూన్లు 99.3 శాతం తగ్గాయి. ఒపోసమ్‌లు 98.9 శాతం. బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి 87.5 శాతం. కుందేళ్లు, నక్కలు అసలు కనిపించనే లేదు. రకూన్ అంటే అక్కడ మన ఊరపంది లాంటిది. చెత్తబుట్టల దగ్గర, కారు పార్కింగుల దగ్గర తిరుగుతూ, పొమ్మన్నా పోని జంతువు. అలాంటిది వందకి ఒకటి కూడా మిగల్లేదు. కొండచిలువలు ఎప్పటినుంచో ఉన్న దక్షిణపు కొసన ఈ తగ్గుదల ఎక్కువ. అవి ఇంకా చేరని చోట జంతువులు మామూలుగానే ఉన్నాయి.

రోగమో, నీళ్ల మార్పో కారణం కావచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. దానికి జవాబు 2012లో మొదలుపెట్టిన ఒక ప్రయోగంలో దొరికింది. చిత్తడినేల కుందేళ్లకు రేడియో పట్టీలు కట్టి పార్కులో వదిలారు. మొదట అవి హాయిగా బతికాయి, పిల్లల్ని కూడా పెట్టాయి. చలి తగ్గి నీళ్లు వేడెక్కగానే పట్టీల సిగ్నళ్లు కొండచిలువల పొట్టల్లోంచి రావడం మొదలైంది. పదకొండు నెలల్లో చనిపోయిన కుందేళ్లలో 77 శాతం కొండచిలువలకే ఆహారమయ్యాయి.

పక్షుల సంగతి ఈకలు చెప్పాయి. పార్కులో పట్టిన కొండచిలువల పేగుల్లోంచి తీసిన ముద్దలు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు వెళ్లాయి. అక్కడ ఈకల నిపుణులు వాటిని కడిగి, ఆరబెట్టి, విడదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, మ్యూజియంలో దాచిన పక్షుల పక్కన పెట్టి పోల్చారు. జీర్ణరసాల్లో నాని పిండిముద్దలా వచ్చిన ఒక్క ఈకను పట్టుకుని ఏ పక్షిదో చెప్పడం ఎంత ఓపిక పనో! 25 జాతుల పక్షులు తేలాయి. తర్వాతి లెక్కలన్నీ కలిపి 2023లో వేసిన పట్టికలో ఫ్లోరిడా కొండచిలువలు తిన్న జాతులు 76. కీ లార్గో దీవిలో తప్ప భూమ్మీద మరెక్కడా లేని ఒక అడవి ఎలుక కూడా అందులో ఉంది.

ఈ నష్టం మనుషుల దాకా కూడా వచ్చింది. అక్కడి ఒక దోమజాతి ఎవరి రక్తం తాగుతోందో పరీక్షిస్తే, 1979లో కాటన్ ర్యాట్ అనే ఎలుక వాటా దాదాపు 15 శాతం. 2016లో 77 శాతం. పెద్ద జంతువులు పోయాయి, దోమకి ఎలుకే దిక్కయింది. మనుషులకు జ్వరం, ఒక్కోసారి మెదడువాపు తెచ్చే ఎవర్‌గ్లేడ్స్ వైరస్ ఆ ఎలుకల్లోనే ఉంటుంది. పాము కరవలేదు, చుట్టేయలేదు. అయినా దాని నీడ ఎక్కడో ఇంటి వరండాలో కూర్చున్న మనిషి మీద పడింది.

ఒక జీవి ఇంతగా నెగ్గుకురావడానికి దాని ఒంట్లో ఏముంది? నన్నడిగితే, దాని బలం కన్నా దాని పస్తు ముఖ్యం. పెద్ద కొండచిలువ నెలల తరబడి ఏమీ తినకుండా ఉండగలదు. అప్పుడు దాని పేగు, గుండె, కాలేయం చిక్కిపోయి, ఇంట్లో అక్కర్లేని గదుల్లో దీపాలు ఆర్పినట్టుంటాయి. ఆహారం పడిందా, రెండు రోజుల్లో గుండె బరువు 40 శాతం పెరుగుతుంది. చిన్నపేగు రెండింతలవుతుంది. ఒంట్లో శక్తి ఖర్చు విశ్రాంతిలో ఉన్నప్పటికన్నా నలభై రెట్ల దాకా ఎగబాకుతుంది. అరగడం పూర్తయ్యాక మళ్లీ అన్నీ పాత కొలతకి వస్తాయి. ఆ గుండె పెరగడానికి రక్తంలోని కొన్ని కొవ్వు ఆమ్లాలు కారణమని 2011లో తేలింది. మనుషుల గుండెజబ్బులకి దీన్నుంచి ఏమైనా నేర్చుకోవచ్చా అని అప్పటినుంచీ చూస్తున్నారు.

వేట దొరికినప్పుడు అది తినగలిగేదీ తక్కువేం కాదు. 52 కిలోల కొండచిలువ 35 కిలోల జింకను మింగిన సంగతి 2024లో నమోదైంది. దాని కింది దవడ రెండు ముక్కలూ ముందు భాగంలో అతుక్కుని ఉండవు, వాటి మధ్య చర్మం సాగుతుంది.

తల్లిగా కూడా అది సామాన్యురాలు కాదు. చాలా పాములు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఇది గుడ్ల చుట్టూ చుట్టుకుని దాదాపు రెండు నెలలు తిండి మాని కూర్చుంటుంది. చల్లబడితే కండరాల్ని వణికించి వేడి పుట్టిస్తుంది. బయటి గాలి కన్నా గుడ్ల దగ్గర ఏడు డిగ్రీల దాకా ఎక్కువ వెచ్చదనం ఉంటుందని ప్రయోగశాలలో కొలిచారు. చల్లటి రక్తపు జీవి తన పిల్లల కోసం వేడిని తయారుచేసుకోవడం! ఈ వాక్యం రాస్తూ నేను కాసేపు ఆగాను. ఫ్లోరిడాకు ఇది శత్రువు. పుట్టినచోట మాత్రం తోలు కోసం, మాంసం కోసం వేటాడగా తగ్గిపోయి, ప్రమాదపు అంచున ఉన్న జాతుల జాబితాలో చేరింది. మన భారత కొండచిలువను చంపితే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. మన పొలంలో అది ఎలుకల్ని తింటుంది, దాన్ని తినే జంతువులూ ఉన్నాయి. ఫ్లోరిడాలో ఉన్నదీ ఇలాంటి పామే. చోటు మారింది.

చలి దాన్ని ఆపుతుందని ఒకప్పుడు ఆశపడ్డారు. 2010 జనవరిలో ఫ్లోరిడాని చలి వణికించినప్పుడు రేడియోలు పెట్టిన పది కొండచిలువల్లో తొమ్మిది చచ్చిపోయాయి. కానీ ఆ చలికి ముందు పట్టినవాటి జన్యువుల్నీ తర్వాతివాటినీ పోల్చి చూసి, బతికినవాటిలో చలిని తట్టుకునే మార్పులు కనిపిస్తున్నాయని 2018లో ఒక బృందం రాసింది. ఇంకో ప్రయోగంలో ఆరు కొండచిలువల్ని పట్టి, మూసిన డబ్బాల్లో 21 నుంచి 36 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి వదిలారు. అయిదు తిరిగి తమ చోటికి చేరువగా వచ్చేశాయి.

ఇక పట్టడం. 2013లో రాష్ట్రం ఒక పోటీ పెట్టింది. దాదాపు 1,600 మంది పేర్లిచ్చారు, నెలరోజులు వెతికారు, దొరికినవి 68. ఇరవై ముగ్గురికి ఒక పాము. 2025 జులైలో పది రోజుల పోటీలో 934 మంది కలిసి 294 పట్టారు. అదే ఇప్పటిదాకా రికార్డు. అందులో 60 ఒక్క మహిళే పట్టింది. అనుభవం ఉన్న కన్ను వేరు.

ఆ కన్ను ఎలాంటిదో అమెరికా వాళ్లకి 2017 జనవరిలో తమిళనాడు నుంచి వెళ్లిన ఇద్దరు చూపించారు. వడివేల్ గోపాల్, మాసి సడయన్. ఇరుల గిరిజనులు. చెన్నై దగ్గర పాములు పట్టి, విషం తీసి, విరుగుడు మందు తయారీకి అందించే ఇరులల సహకార సంఘం 1978 నుంచి ఉంది. ఫ్లోరిడాలో అందరూ కాలువగట్ల మీద వాహనాల్లో నెమ్మదిగా తిరుగుతూ వెతికేవారు. వీళ్లిద్దరూ దిగి, కత్తితో పొద నరుక్కుంటూ లోపలికి వెళ్లారు. కుబుసం ముక్క, మలం, నలిగిన గడ్డి, బురదలో జాడ. పామును కాదు, పాము నడిచిన దారిని చూశారు. రెండు వారాలు తిరక్కముందే 13 పట్టారు. కీ లార్గోలో పాడుబడిన క్షిపణి స్థావరం దగ్గర ఒకేచోట నాలుగు దొరికాయి, అందులో ఒకటి 16 అడుగుల ఆడది. 2023లో భారత ప్రభుత్వం ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చింది. పుస్తకంలో లేని చదువుకు దక్కిన గౌరవం అది. వార్తల్లో దానికి ఇంకాస్త చోటు దొరకాల్సిందని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు దక్షిణ ఫ్లోరిడాలో జీతానికి పాములు పట్టేవాళ్లున్నారు. గంటకింత అని కూలి, దానిమీద పాము పొడవును బట్టి డబ్బు: మొదటి నాలుగు అడుగులకు 50 డాలర్లు, ఆపైన అడుగుకి 25. పది అడుగుల పాముకి 200 డాలర్లు. గుడ్లున్న గూడు చూపిస్తే మరో 200. అందరూ కలిసి 2000 నుంచి తీసేసిన కొండచిలువలు 23 వేలు దాటాయి. పెద్ద అంకెలాగే వినపడుతుంది. కానీ మొదట చెప్పుకున్న ఆడ పాము ఒక్కదాని ఒంట్లోనే 122 గుడ్లు. ఇంకా మిగిలినవి ఎన్నో చెప్పాలంటే నిపుణులు ‘పదుల వేలు’ అని ఊరుకుంటారు, అంతకన్నా కచ్చితమైన మాట వాళ్ల దగ్గర లేదు. 2025 వేసవిలో వెచ్చగా ఉండి, కదిలే బొమ్మ కుందేళ్లు 40 తయారుచేసి కెమెరాలతో సహా గడ్డిలో పెట్టారు. మనం వెళ్లి వెతికే బదులు పామే రావాలని.

నాకు అన్నిటికన్నా పదునుగా అనిపించే ఉపాయం నేపుల్స్ సంస్థది. 2013లో మొదలుపెట్టారు. మగ పామును పట్టి, ఆపరేషన్ చేసి ఒంట్లో ట్రాన్స్‌మిటర్ పెట్టి, తిరిగి అడవిలో వదిలేస్తారు. జతకట్టే కాలంలో, అంటే చలికాలమంతా, అది ఆడదాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. మనిషి కంటికి నూటికి ఒక్కటి కూడా దొరకని పాము, మరో పాముకి వాసన మీద దొరుకుతుంది. 98 కిలోల ఆడ పామును పట్టించింది కూడా ఇలాంటి మగపామే, దానికి డయాన్ అని పేరు పెట్టుకున్నారు. ఈ దారిలో 2025 నాటికి దాదాపు 500 చదరపు కిలోమీటర్ల మేర నుంచి 1,400కు పైగా కొండచిలువల్ని తీశారు. మొత్తం బరువు 20 టన్నులు. పుట్టకుండా ఆగిన గుడ్లు 20 వేలు ఉంటాయని వాళ్ల అంచనా.

ఆడ పామును తీసుకెళ్లాక మగదాన్ని అక్కడే వదిలేస్తారు. మరో ఆడదాన్ని వెతుక్కుంటూ అది మళ్లీ గడ్డిలోకి జారిపోతుంది. కొన్ని రోజుల తర్వాత ఏంటెనా పట్టుకుని మోకాటిలోతు నీళ్లలో మళ్లీ బయల్దేరతారు. సిగ్నల్ పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది, కాళ్ల దగ్గరే మోగుతుంది. కిందికి చూస్తే గడ్డి.